మెక్సికోలో ఆదివారం అంగడి (హన్మకొండలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు వచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

కాకతీయుల గురించి ఈ ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పే పనిలేదు. కానీ ఒక్క సంగతి అడుగుతాను. రుద్రమదేవి తిన్న కూరలో ఎండుమిరపకాయ ఉందా? లేదు. ఉండే అవకాశమే లేదు. ఓరుగల్లు కోట పడిపోయింది 1323లో. కొలంబస్ అమెరికా ఒడ్డుకు చేరింది 1492లో, వాస్కోడగామా మన పడమటి తీరానికి వచ్చింది 1498లో. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి చేరింది ఆ తర్వాతే. అంతకుముందు మనవాళ్లకు కారం కావాలంటే ఎక్కువగా మిరియాలే దిక్కు. టమాట, మక్కజొన్న, పల్లి, ఆలుగడ్డ, జామ, సీతాఫలం, బొప్పాయి, ఇవన్నీ కూడా అటు నుంచి వచ్చినవే. ఇవేవీ లేని వరంగల్ వంట ఎట్లా ఉండేదో ఒకసారి ఆలోచించండి.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పిన దాన్ని. పుట్టింది నర్సంపేట దగ్గర, మిరప పండించే ఇంట్లో. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే మా నాన్న బండి కట్టుకుని వరంగల్ మార్కెట్‌కు పోయేవాడు. కాబట్టి హ్యూస్టన్‌లో ఉండే మా బిడ్డ "అమ్మా, ఎటు పోదాం చెప్పు, సెలవు పెడతాను" అంటే, నయాగరా సంగతి తర్వాత, ముందు మిరపకాయ పుట్టింటికి పోదాం అన్నాను. మనం పండించే ఈ మిరప జాతిని మొదట సాగుకు తెచ్చింది మెక్సికో వాళ్లే, కొన్ని వేల ఏళ్ల కిందట. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మనవాళ్లకు మెక్సికో పోవడానికి వేరే వీసా అక్కర్లేదు. ఇది చాలామందికి తెలియదు. పిల్లల దగ్గరికి పోయి ఆరు నెలలు నాలుగు గోడల మధ్య కూర్చునే తల్లిదండ్రులు మన వరంగల్, కరీంనగర్‌లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

మేం పోయింది వహాకా అనే రాష్ట్రానికి. మెక్సికో దక్షిణాన కొండల నడుమ ఉంటుంది. అక్కడ జాపొటెక్, మిష్టెక్ ఇంకా చాలా ఆదివాసీ జాతులు ఉన్నాయి, ఎవరి భాష వారిది. వహాకా నగరం చుట్టూ ఉన్న లోయలో రోజుకో ఊళ్లో అంగడి. బుధవారం ఎత్లా, గురువారం సాచీలా, శుక్రవారం ఒకొత్లాన్, శనివారం వహాకా నగరం, ఆదివారం త్లకొలూలా. మన దగ్గర ఈ ఊళ్లో సోమవారం, ఆ ఊళ్లో బుధవారం అని అంగళ్లు తిరుగుతాయి చూడండి, అదే లెక్క. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఇట్లాగే నడుస్తోంది. మలినోవ్‌స్కీ అనే పేరున్న మానవ శాస్త్రవేత్త, ఆయనతో పాటు మెక్సికోకు చెందిన హూలియో దె లా ఫ్వెంతె, 1940, 41లో ఈ లోయలోనే తిరిగి ఈ అంగళ్లన్నిటినీ కలిపి ఒకే వ్యవస్థగా చదివారు. ఒక్క అంగడి చూస్తే ఏదో నాలుగు కూరగాయలు అమ్ముతున్నట్టే ఉంటుంది. వారమంతా తిరిగి చూస్తే కొండ మీది ఊరికి, లోయలో ఊరికి, కుండలు చేసే ఊరికి, దుప్పట్లు నేసే ఊరికి ఇచ్చిపుచ్చుకోవడం ఎట్లా సాగుతుందో అప్పుడు తెలుస్తుంది.

త్లకొలూలా నగరం నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. షేర్ టాక్సీలు ఉంటాయి, ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఇద్దరిని కూర్చోబెట్టే పద్ధతి అక్కడా ఉంది. ఆదివారం ఊరి నడుమ వీధుల్లోకి బండ్లు రానివ్వరు. ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టి, వాటి మీద టార్పాలిన్లు పరిచి, వీధి మొత్తం నీడ చేసేస్తారు. ఆ తాళ్లు కిందికి ఉంటాయి, అక్కడి ఆడవాళ్ల ఎత్తుకు సరిపోయేటట్టు. పొడుగు మనుషులు అడుగడుగునా తల వంచాల్సిందే, నాకైతే సరిగ్గా సరిపోయింది. చర్చి పక్కన కప్పు ఉన్న పాత మార్కెట్ హాలు, దాని చుట్టూ ఎటు చూసినా వీధులు, వీధుల నిండా మనుషులు. పూలు కుట్టిన ఏప్రాన్లు, తలకు చుట్టుకున్న రంగు శాలువాలు. చంకలో టర్కీ కోడిని ఇరికించుకుని బేరం మాట్లాడే ముసలమ్మలు, ఆ కోడి కిమ్మనకుండా అన్నీ చూస్తూ ఉంటుంది. ఒక మూల మైకులో మూలికలు అమ్మేవాడు, ఇంకో మూల కత్తులు, కొడవళ్లు, ఆ పక్కనే గాడిదలకు వేసే తాళ్లు.

ముందు మిరపకాయల దగ్గరికి పోయాను. పోకుండా ఎట్లా ఉంటాను?

మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిరప సీజన్లో నడిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. గేటు దాటేలోపే ముక్కు మండుతుంది, కళ్లలో నీళ్లు, హమాలీ అన్నలు ముక్కుకు తువ్వాల కట్టుకుని బస్తాలు మోస్తుంటారు. ఇక్కడ మిరప వీధిలోకి అడుగు పెడితే ఘాటు కాదు, తియ్యటి వాసన వచ్చింది, ఎండు ద్రాక్ష వాసన. ఆంచో అనే రకం అది. మన అరచేయంత వెడల్పు ఉంటుంది, ముడతలు పడి నలుపు తిరిగిన ఎరుపు. దాని పక్కన నున్నగా పొడుగ్గా గ్వహీయో. పొగలో ఎండబెట్టిన పసీయా అనే రకం ఒకటి, మిహే ఆదివాసీల కొండల నుంచి వస్తుంది, దాన్ని చేతిలోకి తీసుకుంటే కట్టెల పొయ్యి మీద వండిన ఇంటి వాసన. చిల్వాక్లే అని ఇంకొకటి, నల్లటిది, ఒక్క కనుమ ప్రాంతంలోనే పండుతుంది, అందుకే చాలా ఖరీదు. వాళ్ల పండగ కూర ఉంటుంది, నల్ల మోలే అంటారు, దానికి ఆ మిరపే వేయాలి. ఇరవై, ముప్పై దినుసులు వేయించి, నూరి, రోజంతా ఉడికించే కూర అది.

ఇక కస్కబెల్. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. గుండ్రంగా, చిన్న రేగుపండంత ఉంటుంది. ఎండిన తర్వాత లోపల గింజలు విడిపోతాయి. అమ్మే ఆమె ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఊపింది. గలగలమంది. ఆ చప్పుడు రాకపోతే కాయ సరిగా ఎండలేదని లెక్క, లోపల బూజు పట్టే ప్రమాదం ఉంది. మన దగ్గర కాయను గుప్పిట్లో నలిపి, విరిచి, తేమ చూస్తారు. ఆమె చెవితో చూస్తోంది. నేను ఫోన్ తీసి మన చపాటా ఫోటో చూపించాను. టమాట లాగా గుండ్రంగా ఉండే మన వరంగల్ చపాటా, దుగ్గొండి, నల్లబెల్లి, నర్సంపేట రైతులు తరాలుగా కాపాడుకున్న రకం, ఘాటు తక్కువ, రంగు ఎక్కువ, 2025లో జీఐ అనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని, ఫోటో పెద్దది చేసి, తన కొడుకును పిలిచి చూపించింది. జాపొటెక్‌లో ఏదో అంది. ఆ పిల్లవాడు స్పానిష్‌లో మా బిడ్డకు చెప్పాడు, మా బిడ్డ నాకు తెలుగులో చెప్పింది. "ఇది మా కాయకు చుట్టమా అని అడుగుతోందమ్మా." చుట్టమే అన్నాను. శాస్త్రం ప్రకారం కూడా చుట్టమే, రెండూ క్యాప్సికమ్ ఆన్యుమ్ అనే ఒకే జాతి.

కొనే పద్ధతి చెప్తాను. కూరగాయలు చాలావరకు కుప్పలుగానే పెడతారు, కుప్పకు ఇంత అని. మక్కలు, చిక్కుడు గింజలు కొలిచి ఇచ్చే చెక్క కొలతలు ఇప్పటికీ ఉన్నాయి, అల్ముద్ అంటారు. మన మానిక, సోల, తవ్వ ఇళ్లలో మూలపడ్డాయి గానీ అక్కడ ఇంకా చేతిలోనే ఉన్నాయి. కొలిచిన తర్వాత ఒక పిడికెడు పైన వేస్తారు. కొసరు. అడగకముందే వేస్తారు. ఆ పిడికెడు చూశాక నాకు అది పరాయి దేశం అనే సంగతే మనసులోంచి పోయింది.

ఈ కొలతల గురించి ఒక పాత ఆధారం ఉంది. హెర్నాన్ కోర్తేస్, మెక్సికోను కొల్లగొట్టిన స్పెయిన్ సేనాని, 1520లో తన రాజుకు ఉత్తరం రాశాడు. ఆస్టెక్ రాజధాని పక్కన త్లతెలోల్కో అంగడిలో రోజుకు 60,000 మందికి పైగా జనం కొంటూ అమ్ముతూ ఉంటారని అందులో చెప్పాడు. ఒక్కో సరుక్కు ఒక్కో వీధి, అన్నీ లెక్కతోనో కొలతతోనో అమ్ముతారు, తూకం అనేది కనిపించలేదని రాశాడు. అంగడి మధ్యలోనే న్యాయాధికారులు కూర్చునే ఇల్లు ఉందనీ, కొలతలు తనిఖీ చేసే మనుషులు తిరుగుతుంటారనీ, దొంగ కొలత పగలగొట్టడం కూడా జరిగిందనీ రాశాడు. ఆ నగరాన్ని నేలమట్టం చేసినవాడే అక్కడి అంగడి నడిచే తీరును మెచ్చుకున్నాడు. అంగడి అంటే దుమ్ము, ఈగలు, పల్లెటూరి గోల అనుకునేవాళ్లకు ఈ ఉత్తరం చదివి వినిపించాలి.

తిండి సంగతి. అడుగుతారని తెలుసు.

(సభలోంచి: "మేడం, మిడతలు తింటారట కదా?")

తింటారమ్మా. మిడతలను వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు వేసి పెనం మీద వేయిస్తారు, గంపల్లో ఎర్రగా కుప్ప పోసి, సైజును బట్టి వేరువేరుగా పెట్టి అమ్ముతారు. నేను తిన్నాను. కరకరలాడుతూ పుల్లగా, ఉప్పగా ఉన్నాయి. ముఖం చిట్లించకండి. వానలు మొదలైన రోజున మన ఊళ్లల్లో ఉసిళ్లు పట్టి వేయించుకుని తిన్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, మా అమ్మమ్మ బియ్యంతో కలిపి వేయించేది, ఆ రుచి నాకు ఇంకా గుర్తుంది. మంచి మాంసకృత్తులు అవి, పేదవాళ్ల ఇంట్లో ఆకలి తీర్చిన తిండి.

ఇంకోచోట ఒకామె నాగజెముడు మట్టలు ముందేసుకుని కూర్చుంది. ఎడమచేత్తో మట్ట అంచు పట్టుకుని, కుడిచేతిలో సన్నటి కత్తితో ముళ్లన్నీ గీకేస్తోంది, కత్తి చివర ఒక్కో కన్ను దగ్గర ఆగి, చిన్నగా తిరిగి, ముల్లును వేరుతో సహా లేపేస్తోంది. మాటలు మాట్లాడుతూనే ఉంది, చేతివైపు చూడటమే లేదు. మన చేను గట్ల మీద పెరిగే ముళ్ల మొక్క అక్కడ కూర. బెండకాయలాగా కొంచెం జిగురు ఉంటుంది, ఉల్లిగడ్డతో వేయిస్తే బాగుంటుంది.

సున్నపు గడ్డలు కుప్పలు పోసి అమ్ముతుంటే ఇవి తిండి వీధిలో ఎందుకున్నాయా అని ఆగి చూశాను. మక్కలను సున్నపు నీళ్లలో ఉడకబెట్టి, రాత్రంతా నానబెట్టి, పొద్దున కడిగి రుబ్బి రొట్టెలు చేస్తారు. అట్లా చేస్తే పొట్టు ఊడటమే కాకుండా గింజలో కట్టుబడి ఉన్న నయాసిన్ అనే విటమిన్ మన ఒంటికి పడుతుంది. యూరప్ వాళ్లు మక్కలు తీసుకుపోయారు గానీ ఈ సున్నం పద్ధతి తీసుకుపోలేదు. మక్కలే తిని బతికిన పేదవాళ్లకు పెల్లాగ్రా అనే పోషకాహార లోప వ్యాధి పట్టుకుంది, పిచ్చి ఎక్కి చచ్చిపోయినవాళ్లు కూడా ఉన్నారు. మనకూ ఈ కథతో సంబంధం ఉంది. జొన్నలే ప్రధానంగా తినే మన దక్కన్ పేదల్లో కూడా పెల్లాగ్రా కనిపించేది, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్న హైదరాబాద్ సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ గారి బృందం దానిమీద పనిచేసి, జొన్నలో ల్యూసిన్ ఎక్కువ ఉండటం ఒక కారణమని 1960లో ప్రతిపాదించింది. పుస్తకాల్లో పాఠంగా నేను ఎన్నో ఏళ్లు చెప్పిన విషయం, ఒక ముసలమ్మ ముందు సున్నపు గడ్డల రూపంలో కుప్ప పోసి ఉంది. ఆమెకు నయాసిన్ పేరు తెలియదు. తెలియాల్సిన పని చేతులకు తెలుసు.

ఎండ ముదిరాక తెహాతే తాగాం. మక్కలు, కొకో గింజలు, మమే అనే పండు లోపలి గింజ, ఒక చెట్టు పువ్వు, ఇవన్నీ రాతి మీద నూరి, చల్లటి నీళ్లు పోసి చేత్తో కలుపుతారు. చాలాసేపు కలిపితే పైన తెల్లటి మీగడలాంటి నురగ తేలుతుంది. పెద్ద మట్టి గోలెంలో ఉంటుంది, రంగులు వేసిన బుర్రకాయ చిప్పలో పోసిస్తారు. పొలం పనికి పోయేవాళ్లు పొద్దున తాగి పోతే మధ్యాహ్నం దాకా ఆకలి కాదట. అంబలి తాగి నాట్లకు పోయిన అమ్మలకు ఇది వివరించక్కర్లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన దగ్గరికి వస్తున్నాను.

మేం పోయింది అక్టోబర్ చివర్లో. ఇక్కడ బతుకమ్మ, దసరా అయిపోయాక బయల్దేరాను. నవంబర్ 1, 2 తారీకుల్లో వాళ్లకు చనిపోయిన పెద్దలను పిలుచుకునే పండగ, ఆ పండగ 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. దాని ముందరి ఆదివారం కాబట్టి అంగట్లో ఒక వీధి వీధంతా పూలే. ఏం పూలనుకుంటున్నారు? బంతిపూలు. ట్రాలీల్లో, మోపుల్లో, మనిషి కనిపించనంతగా వీపు మీద మోసుకొస్తున్న బంతిపూలు. వాటి పక్కన ముదురు ఎరుపులో మఖమల్ గుడ్డలాంటి కోడిజుట్టు పూలు, మనం పట్టుకుచ్చులు అంటాం. కోడిజుట్టుకూ మన గునుగుకూ జాతి ఒక్కటే, సెలోసియా అర్జెంటియా. బంతి పుట్టింది మెక్సికో వైపు, సముద్రం దాటి మన దగ్గరికి వచ్చింది. సెలోసియా ఇటువైపు మొక్క, అది అటు పోయింది. రెండూ కలిసి వాళ్ల పండగలో ఉన్నాయి, రెండూ కలిసి మన బతుకమ్మలో ఉన్నాయి.

పెత్రమాస నాడు మనం ఏం చేస్తాం? పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇస్తాం, వాళ్లకు ఇష్టమైనవి వండుతాం. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. వేయిస్తంభాల గుడి దగ్గర అడుగు పెట్టే చోటు ఉండదు. వాళ్లూ అంతే. చనిపోయిన మనిషికి ఇష్టమైన రొట్టె, పండు, మద్యం, సిగరెట్ కూడా పెడతారు, బంతిపూలు చల్లి ఇంటిదాకా దారి వేస్తారు. నేను బంతిపూల మోపు ముందు నిలబడితే అమ్మే ఆమె, నా వయసుదే ఉంటుంది, ఎవరి కోసం అని అడిగింది. మా అమ్మ కోసం అన్నాను. ఒక మోపు ఇచ్చి, ఇంకో నాలుగు కోడిజుట్టు కంకులు దానిలో గుచ్చింది, వాటికి డబ్బు తీసుకోలేదు. ఆ పూలు తీసుకుపోయి మేం దిగిన ఇంటివాళ్ల పూజ బల్ల మీద పెట్టాం, వాళ్లే పెట్టమన్నారు.

ఆమె ఆ నాలుగు కంకులు తన ఇష్టంతో ఇచ్చింది. ఇవ్వగలిగింది, ఎందుకంటే పువ్వు ఆమెది, ధర చెప్పేది ఆమె, తగ్గించేది ఆమె, కొసరు వేసేది ఆమె. ఈ ముక్క మీద నేను కొంచెం ఆగుతాను.

మా నాన్న మార్కెట్‌కు మిరప తీసుకుపోతే ధర ఆయన చెప్పేవాడు కాదు. ఇప్పటికీ ఏ రైతూ చెప్పడు. పొద్దున జెండా పాట అవుతుంది, ఆ రోజు పై ధర బయటికి వస్తుంది, అది వచ్చిన సరుకులో మేలైన లాటుకు. మిగతావాళ్ల బస్తాలో చెయ్యి పెట్టి తేమ ఉందంటారు, తాలు ఉందంటారు, అక్కడి నుంచి ధర దిగుతుంది. రాత్రంతా బస్తాల మీద పడుకున్న రైతు తన కాయకు తానే పేరు పెట్టుకోలేడు. క్వింటాళ్ల కొద్దీ సరుకు వచ్చేచోట వేలం, అడ్తి, కోల్డ్ స్టోరేజీ ఉండాలి, కాదనను. లక్షల బస్తాలు కుప్పకు ఇంత అని అమ్మలేం. కానీ పండించిన మనిషి నోటితో ధర చెప్పే చోటు మనకు ఏం మిగిలింది? వారపు అంగడి ఒకటి. 1999లో మొదలైన రైతు బజార్లు ఒకటి, వాటిలో ఇవాళ నిజంగా రైతులు ఎంతమంది కూర్చుంటున్నారో మీరే పోయి చూడండి. ఇవి కాక రోడ్డు పక్కన గోనెసంచి పరుచుకుని పుంటికూర కట్టలు, బెండకాయలు, కాలం వస్తే సీతాఫలాలు పెట్టుకునే మన అక్కలు.

వాళ్లను మనం ఎట్లా చూస్తున్నాం? రోడ్డు వెడల్పు చేస్తే మొదట లేచేది వాళ్లు. ఎవరో పెద్దమనిషి కారు పెట్టుకోవాలంటే లేచేది వాళ్లు. ఊరూరా తైబజారు వసూలును పాట పాడి కాంట్రాక్టర్ల చేతికి ఇచ్చినప్పుడు గంపకు ఇంత అని కట్టింది వాళ్లు, తిరిగి వాళ్లకు నీడ వచ్చిందా, నీళ్లు వచ్చాయా? పొద్దున నాలుగింటికి ఇంట్లోంచి బయల్దేరి మధ్యాహ్నం దాకా కూర్చునే ఆడమనిషి మూత్రానికి ఎక్కడికి పోవాలి? చాలామంది నీళ్లు తాగడం మానేసి కూర్చుంటారు. డాక్టర్లను అడగండి, కిడ్నీ ఇన్ఫెక్షన్ల గురించి చెప్తారు. త్లకొలూలా ధనవంతుల ఊరేం కాదు, మెక్సికోలో పేద రాష్ట్రాల్లో వహాకా ఒకటి. అక్కడ మార్కెట్ చుట్టూ కొన్ని పెసోలు ఇస్తే పోయే మరుగుదొడ్లు ఉన్నాయి, నీళ్లతో సహా. ఆదివారం ఆ ఊరు తన నడివీధులను కార్లకు మూసేసి అమ్ముకునే ఆడవాళ్లకు ఇచ్చేస్తుంది. అదొక్కటి చూసి నాకు కడుపు నిండింది, మనసులో కోపం కూడా వచ్చింది, మనం ఎందుకు చేయలేకపోతున్నామని.

చట్టం లేక కాదు. 2014లో పార్లమెంటు వీధి విక్రయదారుల చట్టం చేసింది. పట్టణాల్లో టౌన్ వెండింగ్ కమిటీలు ఉండాలి, వాటిలో అమ్ముకునేవాళ్లకే 40 శాతం తగ్గకుండా చోటు ఇవ్వాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. యాభై ఏళ్లకు పైగా నడుస్తున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడివాళ్లను వేరేచోటికి తరలించకూడదు అని కూడా అందులో ఉంది. వరంగల్, హన్మకొండ, కాజీపేటలో యాభై ఏళ్లు దాటిన కూరగాయల మార్కెట్లు, వారపు అంగళ్లు ఎన్ని ఉన్నాయో ఇక్కడ కూర్చున్న పెద్దలకు తెలుసు. కాలేజీ పిల్లలు ఉన్నారు కదా, మీరు ప్రాజెక్టులు చేస్తారు కదా, ఇది చేయండి. ఏ అంగడి ఎప్పటి నుంచి ఉంది, ఎవరు ఏ ఊరి నుంచి వస్తారు, ఏం తెస్తారు, పాత రసీదులు, పాత ఫోటోలు ఎవరి దగ్గర ఉన్నాయి, రాసి పెట్టండి. కాగితం చేతిలో ఉంటే మున్సిపాలిటీలో మాట్లాడటం వేరు, ఉత్త చేతులతో మాట్లాడటం వేరు.

ఎవరైనా వహాకా పోయే ఆలోచన ఉంటే రెండు మాటలు. త్లకొలూలాకు ఆదివారం పొద్దున తొమ్మిదిలోపు చేరండి, పది దాటితే కాలు పెట్టలేరు. చిల్లర పెసోలు ఉంచుకోండి. ఫోటో తీసేముందు అడగండి, వద్దంటే ఫోన్ లోపల పెట్టండి, చాలామంది ఆడవాళ్లకు అది ఇష్టం ఉండదు. ఏదో ఒకటి కొని, కాసేపు కూర్చుని, పేరు అడిగి, అప్పుడు చూడండి ముఖాలు ఎట్లా విచ్చుకుంటాయో. బేరం గట్టిగా ఆడకండి, పది పెసోలు మనకు ఎక్కువ కాదు, ఆమెకు బస్సు కిరాయి.

(సభలోంచి: "అక్కడి మిరప గింజలు తెచ్చారా మేడం? మా చేన్లో వేసి చూస్తాను.")

తేలేదు నాయనా. అనుమతి లేకుండా విత్తనాలు దేశంలోకి తేవడం చట్టరీత్యా కుదరదు, చట్టం సంగతి పక్కన పెట్టినా నేను తేను. 2021లో నల్ల తామర పురుగు ఏం చేసిందో మీ చేనే చూసి ఉంటుంది. ఇండోనేషియా, థాయిలాండ్ వైపు పురుగు అది, మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది, ఆరేళ్లలో మన వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం మిరప పూతను నాకేసింది. రైతులు పచ్చటి చేన్లు పీకేశారు, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. మొక్కనో, గింజనో, మట్టినో సంచిలో వేసుకుని సరిహద్దు దాటించడం సరదా పని కాదు. నీకు కొత్త రకం కావాలంటే మన చపాటా వేయి, విత్తనం ఎవరి దగ్గర దొరుకుతుందో కార్యక్రమం అయ్యాక చెప్తాను.

నేను తెచ్చింది ఒక చిన్న తివాచీ. త్లకొలూలా దారిలో తెయోతిత్లాన్ అనే నేతగాళ్ల ఊరు ఉంది, వాళ్లు ఆదివారం అంగడికి వస్తారు. ఇందులో ఎరుపు కొచినీల్ అనే పురుగుది, నాగజెముడు మట్టల మీద పెంచుతారు, ఎండబెట్టి నూరితే రంగు. ఆ నేసే ఆయన నా అరచేతిలో పొడి వేసి నిమ్మకాయ పిండితే మండే ఎరుపు అయ్యింది, కొంచెం సున్నం తగిలిస్తే ఊదా అయ్యింది. తివాచీ అక్కడ టేబుల్ మీద పెట్టాను. కొత్తవాడ నుంచి శత్రంజీలు నేసేవాళ్లు వచ్చారని విన్నాను, మీరు ముందు చూడండి, అంచు తిప్పి పడుగు ఎట్లా ముడేశారో చూసి మాకు చెప్పండి. టీ కూడా వచ్చినట్టుంది. తాగుతూ మాట్లాడుకుందాం.